మా స్నానాల గదిని మేమే బాగుచేసుకున్నాం

(మహిళా సంఘం సమావేశంలో ఒక అక్క చేసిన ప్రసంగం)

 

నాకు మైకు ముందు మాట్లాడే అలవాటు లేదు. చేతిలో ఈ కాగితం ఉంది. నా చేత్తో నేనే రాసుకున్నాను. అక్కడక్కడా కొట్టివేతలు ఉన్నాయి. ఆగి ఆగి చదివితే ఏమీ అనుకోవద్దు. నేను కూడా రాత్రి బడిలో పలక పట్టినదాన్నే. మాది మార్కాపురం పక్కన పల్లె. దేశమంతా పలకలు పంపిన ఊరి పక్కన పుట్టాను. కానీ ముప్పై ఏళ్ళు దాటేదాకా పలక మీద ఒక్క అక్షరం దిద్దలేదు. సరే, ఆ సంగతి ఇంకోసారి చెప్పుకుందాం.

మన సంఘం లీడరక్క మొన్న మా ఇంటికొచ్చింది. "మీ బాత్రూం సంగతి సమావేశంలో చెప్పు" అంది. నాకు నవ్వొచ్చింది. సభలో మాట్లాడే సంగతా అది అన్నాను. "ఎందుకు కాదు? ఊళ్ళో సగం ఇళ్ళలో అదే బాధ" అంది. అందుకని వచ్చాను.

నేను కాపరానికి వచ్చినప్పుడు మా ఇంట్లో స్నానాల గది లేదు. పెరట్లో నాలుగు కర్రలు పాతి, పాత చీరలు కట్టేవాళ్ళం. తెల్లవారుజామున నాలుక్కే లేచి, ఎవరూ లేవకముందే నీళ్ళు పోసుకోవాలి. గాలికి చీర లేస్తే గుండె జల్లుమనేది. మీలో చాలామందికి ఇది తెలిసిందే. తర్వాత మా మామగారు ఉన్నప్పుడే ఇంటి వెనక గోడకు ఆనించి ఒక గది కట్టించాడు. ఆరడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. పైన రేకు. కింద సిమెంటు గచ్చు. ఆ రోజుల్లో అదే మాకు మేడ.

ఇరవై ఏళ్ళు గడిచాయి. గచ్చు పగిలింది. పగుళ్ళలో నీళ్ళు నిలిచాయి. నీళ్ళు నిలిచినచోట పాచి పట్టింది. చెక్క తలుపు అడుగున కుళ్ళింది. గోడ చెమ్మ అవతల వంటగదిలోకి దిగింది. నా పప్పుల డబ్బాలు పెట్టే గూట్లో బూజు వచ్చేది. నేను వారానికోసారి కొబ్బరి పీచుతో పాచి రుద్దేదాన్ని. మళ్ళీ వచ్చేది. "రేపు చూద్దాం, పంట చేతికొచ్చాక చూద్దాం" అనుకుంటూ పోయాం.

2023 సంక్రాంతి ముందు రోజు మా అత్తమ్మ అందులో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఆమెకు డెబ్భై ఏళ్ళు. పండక్కి పిండివంటలు చేయాల్సిన చేతులతో ఆమెను ఆటోలోకి ఎత్తాం. ఆపరేషన్ చేశారు. లోపల ఇనుప కడ్డీ వేశారు. డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "ఎక్కడ పడింది?" అని. "స్నానాల గదిలో" అన్నాను. ఆమె తల ఊపింది. "ముసలివాళ్ళు ఎక్కువగా అక్కడే పడతారమ్మా" అంది.

అప్పటినుంచి అత్తమ్మకు మంచం మీదే తడిగుడ్డతో ఒళ్ళు తుడిచేదాన్ని. ఆమె నాతో ఏమీ అనేది కాదు. మొహం గోడవైపు తిప్పుకునేది. జీవితమంతా ఒకరి ముందు కొంగు జారనివ్వని మనిషి. కోడలి చేత తుడిపించుకోవడం ఆమెకు చావుతో సమానం. ఆ మొహం చూసి నేను తట్టుకోలేకపోయాను.

మేస్త్రీని పిలిపించాం. ఆయన గది చుట్టూ ఒకసారి తిరిగాడు. "అంతా పగలగొట్టాలి. పైదాకా టైల్సు వేయాలి. కొత్త తలుపు, కొత్త కమోడు. మొత్తం 48 వేలు అవుతుంది" అన్నాడు. మా దగ్గర ఉన్నది 8 వేలు. మా ఆయన "వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు. నేను "ఈ ఏడే చూద్దాం" అన్నాను. ఆ రాత్రి ఇద్దరం మాట్లాడుకోలేదు.

మర్నాడు నేను నోట్‌బుక్కు పట్టుకుని గదిలో కూచున్నాను. నిజంగానే కూచున్నాను, పీట వేసుకుని. మూడు రోజులు పొద్దునా సాయంత్రం చూశాను. ఒక బిందె నీళ్ళు పోసి అవి ఎటు పోతున్నాయో చూశాను. తూము ఒక మూల ఉంటే, నీళ్ళు ఇంకో మూలకు పోతున్నాయి! ఇరవై ఏళ్ళుగా మేం చీపురుతో నీళ్ళను తూము దగ్గరికి నెడుతున్నాం. అది మా పని అనుకున్నాం. అది గచ్చు తప్పని ఎవరికీ తోచలేదు.

తర్వాత గోడల్ని కర్రతో తట్టాను. గట్టిగా ఉన్నచోట టకటక మంటుంది. లోపల వదులైనచోట డొల్ల శబ్దం వస్తుంది. కింద రెండు మూడు అడుగులే డొల్లగా ఉంది. పైన గోడ గట్టిది. ఇవన్నీ రాసుకున్నాను. ఒక పేజీలో "చెడిపోయినవి" అని రాశాను. ఇంకో పేజీలో "చూడ్డానికి బాగా లేనివి" అని రాశాను. గచ్చు, తూము, తలుపు, గోడ అడుగు భాగం చెడిపోయినవి. మిగతావన్నీ రెండో పేజీలోకే పోయాయి. మేస్త్రీ చెప్పిన 48 వేలల్లో సగానికి పైగా రెండో పేజీవే.

ఆ కాగితం మా ఆయనకు చూపించాను. చాలాసేపు చూశాడు. "పగలగొట్టడం, మట్టి మోయడం మనం చేసుకోవచ్చు గదా. రాయి పరవడానికి మాత్రం మేస్త్రీని పిలుద్దాం" అన్నాడు. నేను చెప్పాలనుకున్న మాట ఆయన నోటినుంచి వచ్చింది. సంఘంలో 5 వేలు అప్పు తీసుకున్నాను. నూటికి రూపాయి వడ్డీ. పది నెలల్లో తీర్చాను. మొత్తం 13 వేలు చేతిలో పెట్టుకుని మే నెలలో పని మొదలుపెట్టాం. ఎండాకాలం అయితే పొలం పని తక్కువ. పిల్లలకు సెలవులు.

మొదటి గొడవ సిమెంటు కొట్లోనే వచ్చింది. సిమెంటు సంచి మీద అది ఏ వారంలో తయారైందో, ఏ సంవత్సరమో అచ్చు వేస్తారు. మూడు నెలలు దాటిన సిమెంటుకు పట్టు తగ్గుతుంది. నాకు ఇంగ్లీషు సరిగ్గా రాదు. కానీ అంకెలు అంకెలే గదా! వారాన్ని ఎట్టా రాస్తారో మా అమ్మాయి ముందే చెప్పింది. సంచి తిప్పి చూశాను. రెండో వారం, 2023 అని ఉంది. అంటే జనవరి సరుకు. మేం కొంటున్నది మే నెలలో. "షావుకారూ, ఇది నాలుగు నెలల కిందటిది. కొత్తది ఇవ్వండి" అన్నాను. ఆయన నా మొహం చూశాడు, సంచి చూశాడు. "అన్నీ ఒకటేనమ్మా" అన్నాడు. "ఒకటే అయితే కొత్తదే ఇవ్వండి" అన్నాను. లోపల్నుంచి కొత్త సంచులు తెప్పించాడు. అక్కలారా, రాత్రి బడిలో అంకెలు దిద్దేటప్పుడు "ఈ వయసులో ఎందుకు ఇదంతా" అని విసుక్కున్న రోజులున్నాయి. ఆ రోజు కొట్లో మాత్రం విసుగు రాలేదు!

ఇంకో గుర్తు చెప్తాను. సంచి విప్పాక లోపల చెయ్యి పెట్టి చూడండి. మంచి సిమెంటు చల్లగా, పిండిలా మెత్తగా ఉంటుంది. ఉండలు కట్టి ఉంటే తేమ తగిలినట్టు. సంచుల్ని నేల మీద పెట్టకూడదు. కింద చెక్కలు వేసి, గోడకు తగలకుండా పెట్టాలి.

పగలగొట్టడం మొదలుపెట్టాం. గునపంతో ఆయన, సుత్తి ఉలితో నేను. ఆరంగుళాల లోతు తవ్వాం. రెండు రోజులు పట్టింది. కళ్ళకు దుమ్ము పడకుండా మా అబ్బాయి బండి అద్దాలు పెట్టుకున్నాను. నన్ను చూసి పక్కింటి వదిన పడీపడీ నవ్వింది. పగిలిన గచ్చు ముక్కల్ని పారెయ్యలేదు. ఒక మూల కుప్ప పోశాం. అవి తర్వాత పనికొచ్చాయి.

రేకును మేం ముట్టుకోలేదు. వెలుతురు కోసం ఒక ముక్క కోద్దామని మా ఆయన అన్నాడు. అది ఆస్బెస్టాస్ రేకు. కోస్తే, రంధ్రం పెడితే సన్నటి దుమ్ము లేస్తుంది. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చాలా చెరుపు చేస్తుంది. అందుకని గోడ పైభాగంలో రెండు ఇటుకలు తీసి, అక్కడ జాలీ పెట్టాం. గాలీ వచ్చింది, వెలుతురూ వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాను. వాటం. స్నానాల గదికి ప్రాణం వాటమే. టైల్సు ఎంత ఖరీదైనవైనా వాటం లేకపోతే నీళ్ళు నిలుస్తాయి. నీళ్ళు నిలిస్తే పాచి, పాచి ఉంటే జారుడు. అడుగు పొడవుకు పావు అంగుళం వాటం ఉండాలి. మా గది పొడవు ఆరడుగులు. ఆరు పావులు ఎంత? ఒకటిన్నర. అంటే తలుపు దగ్గరకన్నా తూము దగ్గర గచ్చు ఒకటిన్నర అంగుళం కిందికి ఉండాలి. ఈ లెక్క నేనే పలక మీద వేశాను.

ఎట్టా కొలవాలి? మేస్త్రీల దగ్గర నీళ్ళ ట్యూబు ఉంటుంది. సన్నటి తెల్ల ప్లాస్టిక్ గొట్టం. అందులో నీళ్ళు నింపి, ఒక కొస ఈ గోడకు, ఇంకో కొస ఆ గోడకు పట్టుకుంటే రెండువైపులా నీళ్ళు ఒకే ఎత్తులో నిలుస్తాయి. అక్కడ గుర్తు పెట్టాలి. అట్టా నాలుగు గోడలకూ సుద్దతో ఒక గీత గీశాం. ఆ గీత నుంచి టేపుతో కిందికి కొలిచాం. తలుపు దగ్గర 12 అంగుళాలు. తూము దగ్గర 13న్నర అంగుళాలు. ఇంతే. ఇందులో పెద్ద చదువేమీ లేదు.

లేదు అన్నానా, అక్కడే తప్పు చేశాం. కంకర, ఇసుక, సిమెంటు కలిపి మూడంగుళాల మందం పరిచాం. ఒక తట్ట సిమెంటు, మూడు తట్టల ఇసుక, ఆరు తట్టల కంకర. గట్టిపడ్డాక ఒక బిందె నీళ్ళు పోశాను. నీళ్ళు తూము దాకా పోయినట్టే పోయి, ఎడమ మూలకు తిరిగాయి. నాకు ఏడుపొచ్చింది. మా ఆయన గునపం కింద పడేసి బయటికి పోయాడు. కొలతలు మళ్ళీ చూసుకున్నాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. అప్పుడు ట్యూబు ఎత్తి వెలుతురులో చూశాను. మధ్యలో గాలి బుడగ ఉంది. బుడగ ఉంటే ట్యూబు అబద్ధం చెప్తుంది. ఒక మూల గీత ముప్పావు అంగుళం తప్పు పడింది.

ఆ మూలంతా చెక్కి, మళ్ళీ వేశాం. ఒక సంచి సిమెంటు అదనంగా పోయింది. 370 రూపాయలు దండగ. కానీ రాళ్ళు పరిచాక తెలిసుంటే వేలల్లో పోయేది. అందుకే చెప్తున్నాను, పైన రాయి పరవకముందే నీళ్ళు పోసి చూడండి. ట్యూబులో నీళ్ళు నింపేటప్పుడు బుడగలు అన్నీ పోయేదాకా తట్టండి.

ఇంకో పొరపాటు కూడా ఒప్పుకుంటాను. మొదటి రోజు సిమెంటును వట్టి చేతులతో కలిపాను. సాయంత్రానికి వేళ్ళ సందులు పొక్కిపోయాయి. మూడు రోజులు ముద్ద కలుపుకోలేకపోయాను. సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. లేకపోతే ప్లాస్టిక్ కవర్లైనా కట్టుకోండి. ఒంటిమీద పడితే వెంటనే మంచినీళ్ళతో కడుక్కోండి.

పోసిన గచ్చును ఎండకు వదిలెయ్యకూడదు. తడి గోనెసంచులు కప్పి ఏడు రోజులు నీళ్ళు చల్లుతూ ఉండాలి. ఆరనిస్తే నెర్రెలిస్తుంది. ఆ ఏడు రోజులూ మేం మళ్ళీ పెరట్లో పాత చీరలు కట్టుకుని నీళ్ళు పోసుకున్నాం. మా అమ్మాయి ఒక్క పూటకే "అమ్మా, ఇన్నేళ్ళు ఎట్టా చేశారు?" అంది.

తూము దగ్గర ట్రాప్ పెట్టాం. పాత గదిలో అది లేదు. ఉత్త గొట్టం ఉండేది. అందులోంచి బొద్దింకలు, కంపు లోపలికి వచ్చేవి. ట్రాప్ అంటే వంకర గొట్టం. దాని వంపులో ఎప్పుడూ కొంచెం నీళ్ళు నిలిచి ఉంటాయి. ఆ నీళ్ళే మూత. కంపు పైకి రాదు, పురుగు పైకి రాదు. మీద జల్లెడ మూత పెట్టాలి. లేకపోతే వెంట్రుకలు, సబ్బు ముక్కలు పోయి అడ్డం పడతాయి.

ఇప్పుడు రాయి సంగతి. టైల్సు కొట్లో అబ్బాయి అద్దంలాంటి తెల్ల టైల్సు చూపించాడు. నేను చెప్పు విడిచి, ఒక టైలు మీద నీళ్ళు పోయించి, దాని మీద కాలు పెట్టి చూశాను. సర్రున జారింది. "ఇది గోడకు పనికొస్తుంది, నేలకు వద్దు" అన్నాను. కొట్టువాడికి కోపం వచ్చింది. రానియ్. మేం బేతంచెర్ల నాపరాళ్ళు తెచ్చుకున్నాం. నున్నగా చేయనివి, గరుకువి. అడుగు 30 రూపాయలు. ముప్పై చదరపు అడుగుల గదికి ముప్పైనాలుగు అడుగులు కొన్నాం. నాలుగు అడుగులు విరుగుళ్ళకు.

నాపరాయి వేసుకున్నవాళ్ళు ఒక జాగ్రత్త తీసుకోవాలి. ఆ రాయి సున్నపు జాతి. యాసిడ్ పోస్తే అది రాయినే తినేస్తుంది. నురగ వస్తుంటే మురికి పోతోందనుకుంటాం. పోయేది రాయి. సబ్బునీళ్ళు, కొబ్బరి పీచు చాలు. ఇంకొకటి, యాసిడ్‌నీ బ్లీచింగ్ పొడినీ ఎప్పుడూ కలపొద్దు. విషవాయువు వస్తుంది. తలుపు మూసిన చిన్న గదిలో ప్రాణాలు పోవచ్చు.

రాళ్ళు పరవడానికి మేస్త్రీ రెండు రోజులు వచ్చాడు. రోజుకు వెయ్యి. మొదట 48 వేలు చెప్పిన మేస్త్రీనే. నా గీతలు చూసి, "ఎవరు గీశారు?" అన్నాడు. "నేనే" అన్నాను. ఆయన తన ట్యూబుతో మళ్ళీ చూసుకున్నాడు. ఏమీ అనలేదు. పని చేసుకుపోయాడు. అదే నాకు పెద్ద మెప్పు. గోడ అడుగున మూడడుగుల ఎత్తుదాకా పాత పూత రాల్చి, నీళ్ళు పీల్చని మందు కలిపిన సిమెంటు పూశాడు. ఆ పైన నేనే సున్నం కొట్టాను. సున్నం చవక. బూజునూ ఆపుతుంది. వంటింటి గూడు ఇప్పుడు పొడిగా ఉంది.

అత్తమ్మ కోసం మూడు పనులు చేశాం. గోడ పక్కన ఇటుకలతో గట్టు కట్టాం. దాని మీద కూచుని ఆమె నీళ్ళు పోసుకోవాలి. ఎత్తు ఎంత ఉండాలి? ఇంట్లో కుర్చీ మీద ఆమెను కూచోబెట్టి, మోకాలి వెనక భాగం నుంచి నేలదాకా టేపు పెట్టి కొలిచాను. 17 అంగుళాలు. అంతే కట్టాం. రెండోది, గోడకు ఇనుప గొట్టం పట్టుకుడు. తువ్వాలు వేసుకునే సన్న కడ్డీ కాదు. మందపు గొట్టం, రెండు కొసలూ గోడలోకి దింపి సిమెంటు చేశాం. వారం ఆరాక మా ఆయన దాన్ని పట్టుకుని వేలాడి చూశాడు. కదల్లేదు.

మూడోది మరుగుదొడ్డి కుర్చీ. తుంటి ఆపరేషన్ అయినవాళ్ళు గొంతుక్కూచోకూడదు. పక్కనున్న మా మరుగుదొడ్డిలో నేల పాన్ ఉంది. కమోడు పెట్టాలంటే చాలా ఖర్చు. వెల్డింగు కొట్టుకు పాత ఇనుప కుర్చీ తీసుకుపోయాం. మధ్యలో కోసి, కాళ్ళు పాన్‌కు అటూ ఇటూ వచ్చేట్టు వెడల్పు చేయించాం. 600 రూపాయలు. ఆమె పని అయ్యాక పక్కకు జరిపితే మిగతావాళ్ళం ఎప్పటిలాగే వాడుకుంటాం.

మరుగుదొడ్డి అన్నాను గదా, అక్కడ ఇంకో తప్పు బయటపడింది. అది స్వచ్ఛ భారత్‌లో వచ్చిన 12 వేల రూపాయలతో కట్టింది. రెండు గుంతల దొడ్డి. మీలో చాలామందికి అదే ఉంది. దాని పద్ధతి ఏమిటంటే, ఒకసారికి ఒక్క గుంతే వాడాలి. అది నిండటానికి మూడు నుంచి అయిదేళ్ళు పడుతుంది. నిండాక రెండో గుంతకు మార్చాలి. మొదటిదాన్ని రెండేళ్ళు మూసి ఉంచితే లోపలిదంతా కంపులేని ఎరువుగా మారుతుంది. మధ్యలో చిన్న పెట్టె ఉంటుంది. దాంట్లోంచి రెండు దారులు చీలతాయి. ఒక దారి ఇటుకతో మూసి ఉండాలి. మేం పెట్టె మూత తీసి చూస్తే రెండు దారులూ తెరిచే ఉన్నాయి. కట్టినవాళ్ళు మూయలేదు, మాకు చెప్పలేదు. రెండు గుంతలూ ఒకేసారి నిండుతూ వచ్చాయి. ఇంకో రెండేళ్ళు పోయి ఉంటే రెండూ నిండిపోయేవి. అప్పుడు పచ్చిదాన్ని ఎవరు ఎత్తాలి? ఎవరి చేత ఎత్తించాలి? ఒక మనిషి చేత ఇంకొకరి మలం ఎత్తించడం నేరమని 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. చట్టం లేకపోయినా అది తప్పే. ఆ రోజే ఒక దారి ఇటుక పెట్టి మట్టితో మూశాం. మీరందరూ ఇంటికి పోయి ఆ పెట్టె మూత ఎత్తి చూసుకోండి. గుంతలోకి మాత్రం దిగొద్దు, ఎవర్నీ దింపొద్దు. లోపలి గాలి పీలిస్తే మనిషి కేక కూడా వేయలేడు.

స్నానం నీళ్ళను ఆ గుంతల్లోకి పంపకూడదు. అన్ని నీళ్ళు వెళితే గుంత ఇంకించుకోలేదు. మేం స్నానం నీళ్ళకు వేరే ఇంకుడు గుంత తవ్వాం. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, మూడడుగుల లోతు. బోరుకు 33 అడుగులు దాటి తవ్వాం. ఆ పగిలిన గచ్చు ముక్కలన్నాను చూడండి, అవి అడుగున పోశాం. వాటిమీద చిన్న రాళ్ళు, ఆపైన కంకర, ఇసుక. పక్కన రెండు అరటి పిలకలు పెట్టాను. ఇదివరకు ఆ నీళ్ళు వీధిలోకి పోయి, ఎదురింటివాళ్ళతో ఏటా తగవు. ఇప్పుడు తగవు లేదు. అరటి గెల వచ్చినప్పుడు వాళ్ళకూ ఒక అత్తం ఇచ్చాను.

కరెంటు పని మాత్రం మేం ముట్టుకోలేదు. దానికి మనిషిని పిలిపించాం. స్విచ్చి తలుపు బయట పెట్టించాం. తడి చేతులతో స్విచ్చి వేసే పని లేకుండా. నీళ్ళు కాచుకునే రాడ్డును బకెట్లో పెట్టి, కరెంటు ఉండగా వేలు ముంచి చూసేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. వద్దమ్మా. ప్లగ్గు పీకాకే నీళ్ళు ముట్టుకోండి.

లెక్క చదువుతాను. సిమెంటు అయిదు సంచులు 1,850. ఇసుక, కంకర 1,600. ఇటుకలు 540. నాపరాళ్ళు 1,020. గొట్టాలు, ట్రాప్, వంపులు 1,250. నీళ్ళు పీల్చని మందు 200. పట్టుకుడు గొట్టం 450. ప్లాస్టిక్ తలుపు 2,300. సున్నం 150. బల్బు, కరెంటు మనిషి 600. మేస్త్రీ 2,000. ఇనుప కుర్చీ 600. ఆటో 300. మొత్తం 12,860 రూపాయలు. 140 రూపాయలు మిగిలాయి. ఇవి 2023 ధరలు. ఇప్పుడు కొంచెం అటూ ఇటూ ఉంటాయి. మా కూలి ఇందులో కలపలేదు. ఇద్దరం పద్దెనిమిది రోజులు పని చేశాం. దానికి ఎవరూ బిల్లు ఇవ్వలేదు!

జూన్‌లో ఒక ఆదివారం అత్తమ్మను నాలుగు కాళ్ళ కర్రతో నడిపించుకుంటూ తీసుకుపోయాను. గట్టు మీద కూచోబెట్టాను. బకెట్టు, చెంబు, సబ్బు చేతికి అందేచోట పెట్టాను. నీళ్ళు పోద్దామని చెంబు తీసుకున్నాను. ఆమె నా చేతిలోంచి చెంబు లాక్కుంది. "నువ్వు బయటికి పో" అంది. "తలుపు దగ్గరకు వేస్తాను, గొళ్ళెం పెట్టుకోవద్దు అత్తమ్మా" అన్నాను. సరే అంది. బయట నిలబడ్డాను. నీళ్ళ చప్పుడు వింటూనే ఉన్నాను. చాలాసేపైంది. నాకు భయం వేసింది. "అత్తమ్మా, అయిందా?" అని పిలిచాను. "అయిదు నెలల మురికే! నీ పని నువ్వు చూసుకో పో" అని లోపల్నుంచి కేకేసింది. ఆ కేకలో పాత అత్తమ్మ వినిపించింది. ఆమె అట్టా కసిరి అయిదు నెలలైంది.

ఇంకేముంది చెప్పడానికి. నా నీళ్ళ ట్యూబు, టేపు ఈ సంచిలో తెచ్చాను. కావలసినవాళ్ళు పుస్తకంలో పేరు రాసి, సంతకం పెట్టి తీసుకుపోండి. వచ్చే మంగళవారం లోపల తిరిగి ఇవ్వండి. పై వీధి చెల్లెలు ముందే అడిగింది. బుడగలు చూసుకోవడం మరిచిపోవద్దు.